రైతునకు సర్కారు సొమ్ము: అమెరికాలో ఒక కౌంటీ చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట చిన్న విషయము కాదు. చెదపురుగు, వానచినుకు, పుస్తకము తీసికొనిపోయి తిరిగి ఇయ్యని పాఠకుడు అను ముగ్గురు శత్రువులను తట్టుకొని మీ పుస్తకములు నిలిచినవి. అందులకు మీకందరకు నా అభినందనలు.

రైతులకు ప్రభుత్వము ఇచ్చు సొమ్మును గూర్చి మాట్లాడవలసినదని కార్యదర్శిగారు నాకు జాబు వ్రాసిరి. మన పథకములను గూర్చి మీకు నాకంటె ఎక్కువ తెలియును. ఏ నెలలో ఎవరి ఖాతాలో ఎంత పడినదో, ఎవరికి ఎందుకు పడలేదో, రచ్చబండ దగ్గర కూర్చున్న ఏ పెద్దను అడిగినను లెక్కతో సహా చెప్పగలడు. కావున ఈ సాయంకాలము మిమ్ములను కొంతసేపు దూరదేశమునకు తీసికొనిపోవుదును. తిరిగి వచ్చునప్పుడు మన పొలము గట్టు మీదనే దిగుదము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆర్కన్సా అను రాష్ట్రమున్నది. అది మిసిసిపీ మహానదికి పడమటి వైపున ఉన్నది. ఆ రాష్ట్రపు ఈశాన్య భాగములో పాయిన్‌సెట్ అను కౌంటీ కలదు. కౌంటీ అనగా మన పాత తాలూకా వంటి దనుకొనుడు. దానికొక ముఖ్యపట్టణము, ఒక న్యాయస్థానము, కొన్ని చిన్న ఊళ్లు ఉండును. కౌంటీ నడుమ క్రౌలీస్ రిడ్జ్ అను గుట్టల వరుస ఉత్తర దక్షిణములుగ సాగిపోవును. గుట్టలకు తూర్పున ఒకప్పుడు చిత్తడి అడవులుండెడివి. కలప వ్యాపారులు చెట్లు కొట్టివేసిన పిదప మురుగు కాలువలు త్రవ్వి ఆ ఒండ్రు నేలను ప్రత్తి చేలుగ మార్చిరి. గుట్టలకు పడమట వరి ప్రసిద్ధి. గుంటూరు సీమ ఎరిగినవారికి ఈ రెండు పంటల సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇక ఆ నేలను దున్నినవా రెవరో చెప్పెదను. భూమి చాల వరకు పెద్ద కమతములుగ కొద్దిమంది చేతులలో ఉండెడిది. చేనిలో పని చేయువారు పాలుదారులు. ఇల్లు, కంచరగాడిద, నాగలి, విత్తనము యజమానివి. కష్టము పాలుదారునిది, వాని భార్యాబిడ్డలది. పంటలో చెరి సగము. పంట చేతికి వచ్చు వరకు పిండి, ఉప్పు, కిరసనాయిలు కమతపు దుకాణములో అప్పుగ తెచ్చుకొనవలెను. ఆ అప్పు లెక్క యజమాని పుస్తకములో ఉండును. పాలుదారులలో పెక్కురకు చదువు రాదు. సంవత్సరాంతమున పుస్తకము తెరచి చూచినచో, సగము పంటయు పోను ఇంకను కొంత బాకీ తేలుట వారికి అలవాటైన విషయము. ఈ పాలుదారులలో నల్లవారును ఉండిరి, తెల్లవారును ఉండిరి. పిల్లలకు వేరు బడులు, దేవునికి వేరు గుళ్లు. అప్పు పుస్తకము మాత్రము ఉభయులకు ఒక్కటియే.

1929లో పౌను దూది ధర పదునారు సెంట్లకు పైగ ఉండెను. డాలరునకు నూరు సెంట్లు. 1931 నాటికి అది ఆరు సెంట్లకు లోపునకు దిగజారెను. దున్నినవాడు నశించెను. దున్నించినవాడును బ్యాంకు అప్పులలో మునిగెను. అట్టి సమయమున, 1933 మే 12వ తేదీన, అధ్యక్షుడు రూజ్‌వెల్టు వ్యవసాయ సర్దుబాటు చట్టముపై సంతకము చేసెను. దాని తర్కము సులభము. పంట ఎక్కువైనందున ధర పడినది. కావున పంటను తగ్గింపవలెను. తగ్గించినవానికి ప్రభుత్వము సొమ్ము ఇయ్యవలెను. ఆ సొమ్మును మిల్లులపై పన్ను వేసి రాబట్టవలెను. దూదిపై ఆ పన్ను పౌనునకు 4.2 సెంట్లు.

చట్టము వచ్చునప్పటికే ప్రత్తి మొలచి యుండెను. కావున మొదటి సంవత్సరము నిలుచున్న పైరునే దున్నివేయవలసి వచ్చెను. దేశము మొత్తముమీద సుమారు కోటి ఎకరముల ప్రత్తి చేను నాగలి క్రింద పడెను. చాలు నడుమ నడువవలెనే గాని మొక్కను త్రొక్కరాదని ఏండ్ల తరబడి నేర్చుకొన్న కంచరగాడిదలు ఆ పనికి ఒక పట్టాన ఒప్పుకొనలేదని ఆనాటివారు చెప్పుకొనెడివారు. బట్టలేని వారున్న దేశములో ప్రత్తిని దున్నివేయుట పాపమని నాడే అనేకులు నిందించిరి. ఆ వివాదములోనికి నేను పోను. నా ప్రశ్న వేరు. ఆ సొమ్ము కౌంటీకి వచ్చి, ఎవరి చేతికి చేరినది?

1934, 1935 సంవత్సరములకు ప్రభుత్వము ప్రత్తి రైతులతో ఒక ఒప్పందము చేసికొనెను. ప్రత్తి వేయక విడిచిన నేలకు, అందులో పండియుండెడి దూదిని లెక్కవేసి, పౌనునకు మూడున్నర సెంట్లు అద్దె ఇయ్యబడును. దానికి తోడు ధర సరిపెట్టుటకై పౌనునకు ఒక సెంటు ఇయ్యబడును. అద్దె సొమ్ము భూయజమానిది. సరిపెట్టు సొమ్ములో మాత్రము పాలుదారునకు సగము వాటా. అనగా నాలుగున్నర సెంట్లలో నాలుగు యజమానికి, అర సెంటు దున్నినవానికి. ఒప్పందముపై సంతకము యజమానిది. చెక్కు వచ్చుటయు యజమానికే. వచ్చిన అర సెంటు తరచుగ ఆ దుకాణపు అప్పు పద్దులోనే జమ అయిపోయెడిది.

దీనిని మన రచ్చబండ లెక్కగ వేసి చూతము. కమతము అంకెలు వివరణకై నేను అనుకొన్నవి. రేట్లు మాత్రము ఒప్పందములోనివి. ఒక యజమానికి ఏబది ఎకరములు, అయిదు పాలుదారు కుటుంబములు, కుటుంబమునకు పది ఎకరములు అనుకొనుడు. ఎకరమునకు రెండువందల పౌన్ల దూది. పాడు కాలములో ఆరు సెంట్ల ధరకు మొత్తము పంట 600 డాలర్లు. యజమానికి 300, ఒక్కొక్క కుటుంబమునకు 60. ఇప్పుడు ఒప్పందము వచ్చినది. ఇరువది ఎకరములలో ప్రత్తి మానివేసి ముప్పదిలో వేసిరి. ధర సుమారు పన్నెండు సెంట్లయ్యెను. పంట విలువ 720 డాలర్లు. అందు యజమానికి 360. ఒక్కొక్క కుటుంబమునకు 72. విడిచిన నేలపై సర్కారు సొమ్ము 180 డాలర్లు. అందు యజమానికి 160. అయిదు కుటుంబములకు కలిపి 20, అనగా తలకొక నాలుగు డాలర్లు. వెరసి యజమాని ఆదాయము 300 నుండి 520కి పెరిగినది. పాలుదారునిది 60 నుండి 76కు పెరిగినది.

పాలుదారునకును పెరిగినది గదా, ఇందులో అన్యాయ మేమని మీరడుగవచ్చును. లెక్క ఇచ్చటితో ఆగియున్నచో నేనును అడుగుదును. కాని ముప్పది ఎకరములకు అయిదు కుటుంబము లెందులకు? మూడు చాలును. మిగిలిన రెండు కుటుంబములకు ఆ కమతమున పని లేదు. ఆ మూడింటిని కూడ పాలునకు గాక కూలికి పెట్టుకొన్నచో, పంట సగమును, సర్కారు సొమ్ములో ఆ 20 డాలర్లును పంచవలసిన పని లేదు. కూలి ఇచ్చిన చాలును. సహాయము దున్నినవాని మేలునకే ఉద్దేశింపబడి ఉండవచ్చును. కాని దున్నినవానిని వెళ్లగొట్టుట లాభమగునట్లు దాని కూర్పు ఉన్నది. దీనికి యజమాని దుష్టుడు కానక్కరలేదు. అప్పులలో ఉన్న ఏ సామాన్య మనుష్యుడైనను ఆ లెక్క వేసికొనును.

ఈ ప్రమాదమును వాషింగ్టనులోని వారు ఊహింపక పోలేదు. ఒప్పందములో ఏడవ ఖండము అని ఒకటి చేర్చిరి. యజమాని సాధ్యమైనంత వరకు మామూలు సంఖ్యలో కౌలుదారులను ఉంచుకొనవలెను. వారిని ఇండ్లలో అద్దె లేకుండ ఉండనీయవలెను. అయితే వారు బెడదగ పరిణమించినచో ఈ నియమము వర్తింపదు. “సాధ్యమైనంత వరకు” అను మాట చట్టములో కనబడినచోట, మహాశయులారా, దానికొక తలుపున్నదని గ్రహింపుడు. ఆ తలుపు ఎవరు తెరచుకొందురో వేరుగ చెప్పనక్కరలేదు. ఫిర్యాదు చేయదలచినచో కౌంటీ కమిటీకి చేయవలెను. కమిటీలలో కూర్చున్నవారు ఎక్కువగ భూయజమానులే.

పాయిన్‌సెట్ కౌంటీలో టైరోంజా అను చిన్న ఊరున్నది. అచ్చట మిచెల్ అను నతడు బట్టలు శుభ్రము చేసి ఇస్త్రీ వేయు దుకాణము నడుపుచుండెను. ప్రక్కనే క్లే ఈస్ట్ అను నతని పెట్రోలు బంకు. ఇద్దరును తెల్లవారు, సోషలిస్టు భావములు కలవారు. ఊరి దగ్గర ఒక పెద్ద కమతమున అనేక కుటుంబములను వెళ్లగొట్టగా, 1934 జూలై నెలలో ఒక రాత్రి ఒక పాఠశాల భవనములో పదునెనిమిది మంది సమావేశమైరి. వారిలో పదునొకండుగురు తెల్లవారు, ఏడుగురు నల్లవారు. ఆ దేశములో ఆ కాలమున ఇట్టి రెండు జాతుల రైతులు ఒక్క గదిలో సరిసమానముగ కూర్చుండుటయే ఒక సాహసము. సంఘ మొకటా, రెండా అను ప్రశ్న వచ్చెను. అదే రాష్ట్రములో ఎలైన్ ప్రాంతమున 1919లో నల్లజాతి పాలుదారుల సంఘమును రక్తపాతముతో అణచివేసిరి. ఆ నాటి సంగతు లెరిగిన ఐజాక్ షా అను వృద్ధుడు లేచి, వేరువేరుగ ఉన్నచో ఒకరిపై నొకరిని ఉసిగొల్పి ఉభయులను ఓడింతురనియు, ఒక్క సంఘమే కావలెననియు వాదించెను. ఆ మాటయే నెగ్గెను. దక్షిణ కౌలురైతుల సంఘము ఆ విధముగ పుట్టినది.

వారు మొదట అడిగిన దేమి? కొత్త చట్టము కాదు. ఉన్న ఏడవ ఖండమును అమలు జరుపుడని మాత్రమే. న్యాయస్థానమునకు వెళ్లిరి; గెలుపు లభింపలేదు. ఒప్పందము ప్రభుత్వమునకును యజమానికిని నడుమ జరిగినది. పాలుదారు అందులో సంతకము చేసినవాడు కాడు. వాని కొరకు వ్రాసిన నియమమును అడుగుటకు వానికే అధికారము లేకపోయెను. సభలు చెదరగొట్టబడినవి. నాయకులను కొట్టిరి. 1935 మార్చిలో, దేశాధ్యక్ష పదవికి పోటీ చేసిన నార్మన్ థామస్ అంతటి వానిని, సమీపమున బర్డ్‌సాంగ్ అను ఊరిలో మాట్లాడబోవుచుండగ వేదికమీదనుండి క్రిందికి లాగివేసిరి.

ఈ గొడవ వినిన వ్యవసాయశాఖవారు 1935 జనవరిలో మేరీ కానర్ మయర్స్ అను మహిళా న్యాయవాదిని విచారణకు పంపిరి. ఆమె ఆర్కన్సాకు పోయి పాలుదారుల సాక్ష్యములు వినినది, నివేదిక సమర్పించినది. ఆ నివేదికను ప్రభుత్వము బయటపెట్టలేదు. ఇంతలో శాఖలోని న్యాయవాదులు, యజమాని కేవలము ఇండ్ల సంఖ్యను గాక, ఉన్న మనుష్యులనే ఉంచుకొనవలెనని ఏడవ ఖండమునకు అర్థము చెప్పిరి. ఫిబ్రవరిలో ఆ అర్థము కొట్టివేయబడుటయే గాక, న్యాయ విభాగపు పెద్ద జెరోమ్ ఫ్రాంకును, మరికొందరును ఉద్యోగములనుండి తొలగింపబడిరి. వ్యవసాయశాఖ మంత్రి హెన్రీ వాలెస్ సామాన్య జనులయెడ సానుభూతి కలవాడే. కాని చట్టసభలో దక్షిణ రాష్ట్రముల భూయజమానుల పక్షమున ఉన్న సభ్యుల మద్దతు లేనిదే పథకము నిలువదు. ఆయన పథకమును నిలుపుకొనెను.

ఆ పథకమును 1936 జనవరిలో సుప్రీం కోర్టు వేరొక కారణముచేత కొట్టివేసెను. మిల్లులపై పన్ను వేసి వ్యవసాయమును నియంత్రించు అధికారము కేంద్రమునకు లేదనెను. కాంగ్రెసు సభ అదే సంవత్సరము నేలసార సంరక్షణ పేరిట ఇంకొక చట్టమును, 1938లో మరియొక వ్యవసాయ చట్టమును చేసెను. ఈ కొత్త చట్టములలో పంటవాటాను బట్టి పాలుదారునకును సొమ్ము పంచు ఏర్పాటు మెరుగుపరచబడెను. మంచి సవరణయే. అయితే దాని ఫలము చూడుడు. పాలుదారునకు వాటా ఇయ్యక తప్పదన్న నాడు, పాలుదారు లేకుండుటయే మేలని పలువురు యజమానులు తలచిరి. పాలునకు చేసినవానిని దినకూలిగ మార్చిరి. కూలివానికి సర్కారు సొమ్ములో వాటా లేదు. దక్షిణ రాష్ట్రములలో 1930లో ఏడు లక్షల డెబ్బదియారువేల పాలుదారు కమతములున్నట్లు జనాభా లెక్కలు చెప్పినవి. 1940లో అవి అయిదు లక్షల నలుబదియొక్కవేలు. ఇంత తరుగుదలకు ఈ సొమ్మొక్కటియే కారణము కాదు. ట్రాక్టరు వచ్చినది, పట్టణములలో ఫాక్టరీలు పిలిచినవి. కాని ఆ ట్రాక్టరును కొనుటకు పలువురకు చేతికందిన పెట్టుబడి ఆ చెక్కులే అని చరిత్రకారులు వ్రాసియున్నారు.

న్యాయముగ ఇంకొక మాట చెప్పవలెను. ఆ పథకము లేనిచో ప్రత్తి ధర లేచియుండెడిది కాదేమో. అనేక కమతములు వేలములో పోయియుండెడివి. యజమానితో పాటు పాలుదారును వీధిని పడియుండెడివాడు. సంఘము వారి గోల కూడ వృథా కాలేదు. 1937లో కౌలుదారులకు నలుబది ఏండ్ల వాయిదాపై, నూటికి మూడు వడ్డీకి, భూమి కొనుటకు ప్రభుత్వము అప్పు ఇచ్చు చట్టము వచ్చెను. అప్పు దొరకినవారు కొద్దిమందియే. అయినను దొరకినవారు రైతులైరి.

నేడు ఆ కౌంటీలో పాలుదారు కుటుంబములు లేవు. వేల ఎకరముల కమతములను యంత్రములతో సేద్యము చేయుదురు. వరి, సోయా, ప్రత్తి, మొక్కజొన్న పండును. సాగుభూమిలో చాల భాగము కౌలు భూమియే. అయితే అచ్చటి కౌలుదారు అనగానే మన బక్కచిక్కిన కౌలురైతును ఊహింపరాదు. లక్షల డాలర్ల యంత్రములున్న కౌలుదారు, పట్నములో పింఛను మీద బ్రతుకు భూయజమానురాలికి కౌలు చెల్లించుట అచ్చట సర్వసాధారణము. సర్కారు సొమ్ము మాత్రము ఆగలేదు; రూపము మారినది. ప్రతి పొలమునకు ఆధారపు ఎకరములు అని పూర్వపు సాగును బట్టి నిర్ణయించిన లెక్క ఒకటున్నది. పంట ధర చట్టము చెప్పిన ధర కంటె తగ్గినచో ఆ ఎకరములను బట్టి చెల్లింపు వచ్చును. ఆ సంవత్సరము ఆ నేలలో ఆ పంట వేయకపోయినను వచ్చును. రొక్కపు కౌలు అయినచో సేద్యము చేయువానికి. పంటవాటా కౌలు అయినచో వాటాలను బట్టి ఇద్దరకు. అనగా 1934లో లేని న్యాయము కాగితము మీద వచ్చినది. కాని సొమ్ము కౌలుదారునకు వచ్చినదని తెలిసిన యజమాని కౌలు పెంచక ఊరకుండునా? అందులో కొంత భాగము కౌలు రూపమున తిరిగి భూమి గలవారికే చేరుచున్నదని అచ్చటి ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఎంత భాగమను విషయములో వారిలో వారికే పొత్తు కుదురలేదు.

ఒక్కొక్కరికి పరిమితి కూడ కలదు. 2018 చట్టము ప్రకారము ఒక వ్యక్తికి సంవత్సరమునకు 1,25,000 డాలర్లు మించరాదు. 2025లో దానిని 1,55,000కు పెంచిరి. కాని ఒక కమతములో అన్న, తమ్ముడు, కొడుకు భాగస్వాములైనచో ఒక్కొక్కరికి ఒక్కొక్క పరిమితి. మన భూపరిమితి చట్టము వచ్చిననాడు ఊయలలోని బిడ్డల పేర పట్టాలు పుట్టిన సంగతి ఎరిగినవారికి ఈ ఉపాయము క్రొత్త కాదు.

అయినను ఆ దేశమున నాకు నచ్చిన విషయ మొకటి యున్నది. 1935 నాటి నివేదికను దాచిన ప్రభుత్వమే, 1966లో చేసిన సమాచార స్వాతంత్ర్య చట్టము క్రింద, ఈ చెల్లింపుల వివరములను అడిగినవారికి ఇయ్యవలసి వచ్చెను. 1995 మొదలు ఏ కౌంటీలో ఎవరికి ఎంత ముట్టినదో ఒక స్వచ్ఛంద సంస్థ వారు సేకరించి, ఎల్లరు చూచునట్లు ఇంటర్నెట్టులో ఉంచిరి. పాయిన్‌సెట్ కౌంటీ పేరు నొక్కినచో ఆ కౌంటీవారి జాబితా వచ్చును. ఇది తమ ఇంటి గుట్టును వీధిలో పెట్టుటయే అని అచ్చటి రైతులు కొందరు కోపగించిరి. ఇంటి సొమ్మైనచో ఆ కోపము న్యాయమే.

ఇక మన పొలము గట్టు మీద దిగుదము.

తెలంగాణమున 2018 మే నెలలో రైతుబంధు ప్రారంభమైనది. ఎకరమునకు పంటకు నాలుగువేల రూపాయలు, మరుసటి సంవత్సరము నుండి అయిదువేలు. పట్టాదారు పాసుపుస్తకమున ఎవరి పేరున్నదో వారికే ఆ సొమ్ము ఇచ్చిరి. దున్నుచున్న కౌలుదారునకు ఇయ్యలేదు. 2019లో కేంద్రప్రభుత్వము పి.ఎం. కిసాన్ ప్రారంభించినది. సంవత్సరమునకు ఆరువేలు, మూడు వాయిదాలలో, భూమి గల రైతు కుటుంబమునకు. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశమున వచ్చిన రైతుభరోసా, సొంత భూమి లేని కౌలుదారులలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గముల వారిని చేర్చుకొనెను. అందువరకు అది మెరుగు. కాని వాడు కౌలుదారు అనుటకు సాక్ష్య మేది?

2011లో ఉమ్మడి రాష్ట్రమున ఒక చట్టము చేసిరి. గ్రామసభలో విచారించి, రెవెన్యూవారు సాగుదారునకు ఋణ అర్హత కార్డు ఇయ్యవలెను. అందులకు యజమాని సంతకము అవసరము లేదు. 2019లో ఆంధ్రప్రదేశమున దానికి బదులు పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. దాని ప్రకారము కార్డు పదునొకండు నెలలు చెల్లును. యజమానియు సాగుదారుడును కలసి ఒప్పందపత్రము వ్రాసికొనవలెను. అనగా మొదటి దానిలో బ్యాంకులు కార్డును నమ్మక అప్పు ఇయ్యలేదు. రెండవ దానిలో కార్డే పుట్టుట కష్టమైనది. యజమాని సంతకము చేయనన్నచో కౌలుదారు లేనట్లే. టైరోంజా పాలుదారు న్యాయస్థానములో విన్న మాటయు అదే.

యజమాని ఏల సంతకము చేయడు? 1956 నాటి కౌలు చట్టము మొదలు మన భూయజమానుల మనసులో ఒక భయము గూడుకట్టినది. కాగితము వ్రాసినచో కౌలుదారు భూమి విడువడేమో అని. అది పూర్తిగ ఆధారము లేని భయమని నేననను. ఈ సభలో ముందు వరుసలో కూర్చున్నవారిలో కొందరు పది ఎకరములు కౌలుకిచ్చినవారు, వెనుక వరుసలో కొందరు ఆ పది ఎకరములనే కౌలుకు చేయువారు. తన రెండెకరములు ఒకరికిచ్చి, ఇంకొకరి అయిదెకరములు తాను చేయువారును ఉన్నారు. బిడ్డ చదువునకై పట్నము చేరి, ఊరిలోని ఎకరమున్నర కౌలుతో కాలము గడుపు వితంతువు ఉన్నది. ఆమెకు వచ్చు ఆరువేలను ఊడబెరుకుడని నేను చెప్పుట లేదు. భూమి గలవారికి ఒక సహాయము కావలెనన్నచో, అది భూమి గలవారి సహాయమని పేరు పెట్టి ఇయ్యుడు. పెట్టుబడి సహాయమని పేరు పెట్టినచో, ఎరువు బస్తా ఎవరు మోసిరో చూచి ఇయ్యుడు. రెండింటిని ఒక్క పేరున కలిపినందుననే, సర్కారు ఎంత ఇచ్చినను, పంట పోయిన సంవత్సరము అప్పులపాలగుచున్నవాడు ఒకడు, సొమ్ము అందుకొనుచున్నవాడు వేరొకడు అగుచున్నారు. కౌలు పెరుగుటయు అచ్చటి వలెనే ఇచ్చటను ఉన్నది. నీటి వసతి గల పొలము కౌలు మీ ఊరిలో పదేండ్ల క్రింద ఎంత, నేడెంత? ఈ ప్రశ్నకు సమాధానము నాకంటె మీకు బాగుగ తెలియును.

దీనికి వాషింగ్టను వారు కనిపెట్టని మందును నేను కనిపెట్టితినని చెప్పను. అయితే మూడు సంగతులు ఆ కౌంటీ చరిత్రలో నాకు స్పష్టముగ కనబడుచున్నవి. దున్నువాని సంతకము లేని ఒప్పందము వానిని కాపాడలేదు. “సాధ్యమైనంత వరకు” అను మాటతో కూడిన రక్షణ యజమానికే రక్షణ అయినది. వాటా ఇయ్యక తప్పదని ఆలస్యముగ చేసిన నియమము, అప్పటికే వాటాదారు లేకుండ చేసికొన్నవారిని ఏమియు చేయలేకపోయినది. కావున కౌలుదారుని గుర్తించు పని సొమ్ము పంచు నాడు కాదు, నాట్లు వేయు నాడు జరుగవలెను. అది యజమాని దయమీద గాక, ఊరి ఎదుట జరుగవలెను. గ్రామసభలో సర్వే నంబరు చదివి, ఈ చేను ఈ పంటకు ఎవరు చేయుచున్నారని అడిగినచో, నలుగురు చెప్పక మానరు. ఆ వ్రాత పంటకు మాత్రమే సంబంధించినదనియు, భూమి హక్కునకు ఏ మాత్రము సంబంధింపదనియు అదే కాగితముపై అచ్చొత్తినచో యజమాని భయమునకును కొంత ఉపశమనము కలుగును.

అమెరికాలో ఆ ఇస్త్రీ దుకాణము, పెట్రోలు బంకు నేటికిని నిలిచియున్నవి. 2006 నుండి అవి ఆర్కన్సా రాష్ట్ర విశ్వవిద్యాలయము వారి ఆధ్వర్యమున కౌలురైతుల మ్యూజియముగ నడచుచున్నవి.

గ్రంథాలయము వారికి ఒక విన్నపము. పి.ఎం. కిసాన్ సొమ్ము ఎవరెవరికి వచ్చుచున్నదో గ్రామము వారీ జాబితా ప్రభుత్వము వారి వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. దానిని అచ్చు తీయించి, దినపత్రికల బల్ల మీద ఉంచవలసినదని కార్యదర్శిగారిని కోరితిని, వారు అంగీకరించిరి. దాని ప్రక్కన ఒక తెల్ల నోటుపుస్తకము కూడ ఉంచుడు. ఈ పంటకు ఏ చేను ఎవరు చేయుచున్నారో, ఇష్టమున్నవారు తమ పేరు తామే వ్రాసికొనవచ్చును. వ్రాయుట రానివారికి సాయంకాలము ఆరు గంటల తరువాత గ్రంథాలయమున ఉండు యువకులు వ్రాసి పెట్టెదమన్నారు.